బిల్లులో సర్వీస్ ఛార్జి, చేతిలో టిప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ శీర్షికకు కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో హోటల్ బిల్లుల గురించి రాసినవే ఎక్కువగా ఉంటున్నాయి. వాటిలో అయిదింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను. నాలుగు తినడానికి వెళ్లినవారు రాసినవి, ఒకటి వడ్డించే మనిషి రాసినది. రాసినవారి కోరిక మేరకు ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా మామగారి పుట్టినరోజుకు కుటుంబమంతా కలిసి ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాము. తిన్నవాటి ధర 4,200 రూపాయలైతే, దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ రెండింటి మీద జీఎస్టీ వేసి 4,851 రూపాయల బిల్లు తెచ్చారు. సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదని ఎక్కడో చదివిన గుర్తుతో అడిగితే, మేనేజరు వచ్చి మెనూ కార్డు చివరి పేజీ చూపించి, "ఇక్కడ అచ్చువేశాం కదండీ, ఆర్డరు ఇచ్చారంటే ఒప్పుకున్నట్టే" అన్నారు. పండుగ పూట గొడవెందుకని మావారు చెల్లించేశారు. మాకు వడ్డించిన అబ్బాయి తప్పు చేసినవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. నేను అడగడం తప్పా? (ఒక గృహిణి, హైదరాబాద్)

జవాబు: తప్పు కాదమ్మా. మీరు అడిగింది మీ హక్కు, మేనేజరు చెప్పిన సమాధానం చట్టం ముందు నిలిచేది కాదు.

సర్వీస్ ఛార్జి ప్రభుత్వానికి చెందే పన్ను కాదు. బిల్లులో జీఎస్టీ పక్కనే, అదే అక్షరాల్లో, శాతం గుర్తుతో సహా కనిపించడం వల్ల అదీ పన్నే అనుకుని చెల్లించేవారు ఎందరో ఉన్నారు. ఈ పొరపాటుకు కొంత పాత కారణం ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి రాకముందు ఏసీ రెస్టారెంట్ల బిల్లుల్లో కేంద్ర ప్రభుత్వానికి వెళ్లే సర్వీస్ టాక్స్ ఒకటి ఉండేది. సర్వీస్ టాక్స్, సర్వీస్ ఛార్జి అన్న రెండు పేర్లూ ఒకే బిల్లులో ఒకదాని కింద ఒకటి ఉండటంతో, మొదటిది సర్కారుకూ రెండోది యజమానికీ వెళుతుందన్న తేడా జనానికి తెలియకుండా పోయింది. ఆ పన్ను పోయి ఇన్నేళ్లయినా ఆ అయోమయం మాత్రం పోలేదు. ఇప్పుడు మామూలు రెస్టారెంట్లలో తిండి మీద ఉన్న పన్ను 5 శాతం జీఎస్టీ ఒక్కటే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో అది 18 శాతం. కాంపోజిషన్ పథకం (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తామే కొద్దిపాటి పన్ను కట్టుకునే పద్ధతి) కింద ఉన్న చిన్న హోటళ్లయితే గిరాకీల నుంచి జీఎస్టీ కూడా విడిగా వసూలు చేయకూడదు. ఇవి కాక శాతం లెక్కలో కనిపించే ఏ వరుసైనా యజమాని వేసుకున్నదే.

మీ బిల్లునే చూద్దాం. 4,200 రూపాయల మీద 5 శాతం జీఎస్టీ వేస్తే 4,410 అవుతుంది. మీ చేత కట్టించింది 4,851. అంటే మీరు అదనంగా ఇచ్చింది 420 కాదు, 441. సర్వీస్ ఛార్జి మీద కూడా పన్ను కట్టారు కాబట్టి ఆ 21 రూపాయలు కలిశాయి. అదే 420 రూపాయలు మీ ఇష్టంతో ఆ అబ్బాయి చేతిలో పెట్టి ఉంటే దాని మీద జీఎస్టీ ఉండేది కాదు.

ఇక చట్టం సంగతి. 2017 ఏప్రిల్‌లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సర్వీస్ ఛార్జి ఐచ్ఛికమనీ, బిల్లులో ఆ గడిని ఖాళీగా వదిలి వినియోగదారుడినే నింపుకోనివ్వాలనీ సూచించింది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తరువాత 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటలుగానీ రెస్టారెంటుగానీ సర్వీస్ ఛార్జిని తనంతట తాను బిల్లులో కలపకూడదు, వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, ఇవ్వమని బలవంతం చేయకూడదు, ఇవ్వనన్నవారిని లోపలికి రానివ్వకపోవడంగానీ వారికి సేవలు నిరాకరించడంగానీ చేయకూడదు, దాన్ని తిండి ఖరీదుతో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు అన్నవి వాటి సారాంశం. మీ బిల్లులో వీటిలో కనీసం మూడు ఉల్లంఘనలు నాకు కనిపిస్తున్నాయి.

రెస్టారెంట్ల జాతీయ సంఘాలు రెండు ఈ మార్గదర్శకాల మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెల 20న స్టే తెచ్చుకున్నాయి. దాదాపు మూడేళ్లు ఆ స్టే నడిచింది. చివరికి 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ పిటిషన్లను కొట్టివేసి, మార్గదర్శకాలను సమర్థించి, ఒక్కో సంఘానికి లక్ష రూపాయల చొప్పున ఖర్చులు విధించారు. గిరాకీ తనకు తానుగా టిప్పు ఇవ్వదలిస్తే దానికి అడ్డేమీ లేదనీ, నిర్బంధంగా బిల్లులో కలపడమే చట్టవిరుద్ధమనీ తీర్పు స్పష్టంగా చెప్పింది. సంఘాలు ద్విసభ్య ధర్మాసనానికి అప్పీలు చేసుకున్నాయి. తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే, వసూలు చేసిన సర్వీస్ ఛార్జిని తిరిగి ఇవ్వని కారణంగా ఢిల్లీలోని అయిదు రెస్టారెంట్లకు ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చింది. మెనూలో ముందే అచ్చువేశాం కనుక అది ఒప్పందమన్న వాదనను ఆ సంఘాలు కోర్టులో కూడా వినిపించాయి. అది నెగ్గలేదు. మీ మేనేజరు గారు మీ ముందు పెట్టింది ఆ ఓడిపోయిన వాదననే.

యాజమాన్యాలు చెప్పే మరో మాటను కూడా న్యాయంగా ఇక్కడ చెప్పాలి. టిప్పు వడ్డించినవాడికే అందుతుందనీ, వంటగదిలో పొయ్యి ముందు నిలబడేవారికీ గిన్నెలు తోమేవారికీ ఏమీ దక్కదనీ, సర్వీస్ ఛార్జి అయితే అందరికీ పంచవచ్చనీ వారంటారు. ఈ మాటలో నిజం ఉంది. అయితే పనివాళ్లకు ఎక్కువ ఇవ్వాలన్న సంకల్పం యజమానికి ఉంటే, వంటకాల ధరలు పెంచుకునే స్వేచ్ఛను ఏ మార్గదర్శకమూ ఆపలేదు. దోసె 150 రూపాయలని రాసి 165 తీసుకోవడం వేరు, 165 అని ముందే రాయడం వేరు. రెండో పద్ధతిలో తినాలో వద్దో నిర్ణయించుకునే అవకాశం మనకు ఉంటుంది.

ఇకమీదట ఇలా జరిగితే వడ్డించిన మనిషితో కాకుండా నేరుగా మేనేజరుతో, గొంతు పెంచకుండా, "సర్వీస్ ఛార్జి తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అని అడగండి. చాలాచోట్ల అంతటితో సరిపోతుంది. తీయకపోతే బిల్లు కట్టి, దాన్ని ఫోటో తీసి పెట్టుకుని, 1915 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలిస్తే మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్లలోపు వెళ్లవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. పాత బిల్లు మీ దగ్గర ఉంటే ఇప్పటికీ ఆలస్యం కాలేదు.

ఆ అబ్బాయి తల వంచుకున్నాడని రాశారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. బిల్లులో ఆ వరుస రాసింది అతడు కాదు, అందులో తన వాటా ఎంతో కూడా బహుశా అతడికి తెలియదు. సర్వీస్ ఛార్జి తీయించిన రోజున, అతడి పని మీకు నచ్చి ఉంటే, దానిలో ఎంతో కొంత అతడి చేతికి నేరుగా ఇచ్చి రండి. మీ అభ్యంతరం తన మీద కాదని అతడికి అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఎంత పెద్ద హోటలుకు తీసుకువెళ్లినా సోంపు గిన్నెలో పది రూపాయల నాణెం పెట్టి లేచిపోతారు. నేను పది శాతం ఇవ్వాలంటాను. "జీతం తీసుకునేవాడికి మళ్లీ బక్షీసు ఏమిటి, ఇలా ఇచ్చి ఇచ్చే మీరు అలవాటు చేస్తున్నారు" అంటారు ఆయన. ప్రతిసారీ ఇదే వాదన. మాలో ఎవరిది సబబు? (ఒక ఉద్యోగిని, విశాఖపట్నం)

జవాబు: మీ నాన్నగారి మాటలో సగం నాకు సమ్మతమే. జీతం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే, దాన్ని తినడానికి వచ్చినవారి మీదికి నెట్టడం సరికాదు. మన దేశంలో టిప్పుకు శాతం లెక్క చట్టంలోనూ లేదు, ఆచారంలోనూ లేదు. పది శాతమన్నది బయటి నుంచి వచ్చి పెద్ద నగరాల రెస్టారెంట్లలో స్థిరపడిన పద్ధతి.

అయితే ఆయన వాడిన బక్షీసు అన్న మాట దగ్గర నేను ఆగుతాను. బక్షీసు, ఇనాము అన్నవి పైనున్నవాడు కిందివాడికి ఇచ్చేవి. మామూలు అన్నది పని జరగడానికి ముట్టజెప్పేది. హోటల్లో మనం ఇచ్చేదానికి ఈ మూడు పేర్లూ సరిపోవని నా అభిప్రాయం. మన మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది కొసరు. కూరగాయలు తూచి ఇచ్చిన మనిషి పైన రెండు మిరపకాయలు, కాస్త కొత్తిమీర వేస్తుంది చూడండి, అది. ఆమె మనల్ని తక్కువ చేసి ఇవ్వదు, మనమూ చిన్నతనంగా తీసుకోము. భోజన హోటల్లో పప్పు వడ్డించేవాడు "ఇంకొంచెం వేయమంటారా" అని నెయ్యి గిన్నెతో మళ్లీ వచ్చినప్పుడు అతడు మనకు చేసింది కూడా కొసరి వడ్డించడమే. అతడి జీతానికి ఆ రెండోసారి రావడంతో పనిలేదు. మనం లేచేటప్పుడు ఇచ్చేది దానికి బదులు కొసరు. అందుకే దాన్ని ముందే లెక్కగట్టి బిల్లులో రాసినవారిని నేను తప్పుపడతాను, రాయలేదు కదా అని ఏమీ ఇవ్వకుండా వెళ్లేవారి పక్షానా పూర్తిగా నిలబడలేను.

ఎంత ఇవ్వాలన్నది మీరు అడిగారు కాబట్టి నా అలవాటు చెబుతాను, ఇది నియమం కాదు. కూర్చున్నచోటికి వచ్చి వడ్డించే రెస్టారెంట్లో అయిదు నుంచి పది శాతం మధ్య ఇస్తాను. బిల్లు చాలా పెద్దదైతే శాతం తగ్గుతుంది, చిన్నదైతే పెరుగుతుంది. ఇద్దరు కలిసి 300 రూపాయల భోజనం చేస్తే 30 ఇవ్వడానికి చేయి వెనకాడదు. పదివేల విందులో వెయ్యి ఇవ్వాలని ఎవరూ పట్టుబట్టనక్కరలేదు. ఇచ్చేది సోంపు గిన్నెలోనో బిల్లు పుస్తకంలోనో వదలకుండా, ఆ మనిషి కళ్లలోకి చూసి చేతికి ఇస్తాను. గిన్నెలో వదిలినది ఎవరు తీసుకుంటారో మనకు తెలియదు. ఎంగిలి పళ్లేలు తీసి బల్ల తుడిచే క్లీనరుకు వేరుగా ఏదైనా ఇవ్వడం కూడా నాకు అలవాటు. సర్వరుకు వచ్చేదానిలో అతడికి వాటా అందుతుందో లేదో చెప్పలేము, పైగా ఆ వరుసలో అందరికంటే తక్కువ జీతం అతడిదే.

చిల్లర వదిలించుకోవడానికి ఒకటి, రెండు రూపాయల నాణేలు గిన్నెలో కుమ్మరించడం మాత్రం వద్దు. అంతకంటే "బాగా చూసుకున్నావు బాబూ" అని నోటితో చెప్పి ఏమీ ఇవ్వకుండా రావడం మేలు. మీ నాన్నగారి పది రూపాయలు ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో చిన్న మొత్తం కాదు. ఆ రోజుల్లో భోజనం ఖరీదులో అది ఎంత భాగమో ఆయన్నే అడిగి చూడండి. ఇప్పటి బిల్లుకు ఆ భాగమే లెక్కగడితే మీ ఇద్దరి అంకెలూ ఒకచోటికి వస్తాయేమో.

ప్రశ్న: టోకెన్ తీసుకుని మనమే ఇడ్లీ, వడ తెచ్చుకుని నిలబడి తినే టిఫిన్ సెంటర్లో కూడా కౌంటరు దగ్గర టిప్పు డబ్బా పెట్టారు. వేయాలా? (ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: వేయనక్కరలేదు. అక్కడ వడ్డించే పని మీరే చేసుకుంటున్నారు. డబ్బా పెట్టడం తప్పు కాదు, అందులో వేయకపోవడమూ తప్పు కాదు. రోజూ అక్కడే తింటూ, చట్నీ అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా వేసే మనిషి ఉంటే, పండుగకో నెల మొదట్లోనో ఆయన చేతికి ఏదైనా ఇవ్వండి. చదువుకునేవారు కనుక అది కూడా మీ ఖర్చులు చూసుకునే.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వచ్చే నెల ఆరు నెలలపాటు ఉండటానికి నేనూ మా ఆవిడా వెళుతున్నాము. పోయినసారి వెళ్లినప్పుడు హోటల్లో 20 శాతం టిప్పు రాస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇష్టమైతేనే ఇవ్వాలని మీరు ఎప్పుడూ రాస్తారు కదా, అక్కడ ఇవ్వకపోతే ఏమవుతుంది? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: మాస్టారూ, అక్కడ కూడా చట్టప్రకారం టిప్పు ఐచ్ఛికమే. ఇవ్వకపోతే మిమ్మల్ని ఎవరూ ఆపరు. కానీ మీరు ఇవ్వనిది ఎవరి జీతంలోంచి పోతుందో తెలిస్తే మీరే ఇస్తారని నా నమ్మకం.

అమెరికాలో సమాఖ్య ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. టిప్పులు వచ్చే పనివారికి మాత్రం యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పుల నుంచి రావాలి. 1991 నుంచి ఆ 2.13 మారలేదు. టెక్సాస్ రాష్ట్రం కూడా ఈ లెక్కనే పాటిస్తుంది, మీ అబ్బాయి ఉన్న డల్లాస్ అందులోనిదే. టిప్పులతో కలిపినా 7.25కు చేరకపోతే తేడాను యజమాని భర్తీ చేయాలని నిబంధన ఉంది. అంతకుమించి ఆ మనిషి సంపాదన అంతా బల్లల దగ్గర కూర్చున్నవారి చేతిలో ఉంటుంది. అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్ వంటి రాష్ట్రాల్లో టిప్పుతో సంబంధం లేకుండా రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా ఇవ్వాలి. అక్కడా జనం టిప్పు ఇస్తూనే ఉంటారు, ఎందుకంటే అలవాటు అలా పాతుకుపోయింది.

నా మనసుకు ఈ పద్ధతి అన్యాయంగానే తోస్తుంది. పని చేయించుకునేవాడు జీతం ఎగవేసి, ఆ భారాన్ని ముక్కూముఖం తెలియని అతిథుల మనసు మీద వేయడం ఏ దేశంలో జరిగినా తప్పే. కానీ ఆ తప్పును సరిదిద్దే మార్గం వడ్డించినవారికి ఎగవేయడం కాదు. మీరు అక్కడ అతిథిగా ఉన్నన్నాళ్లూ కూర్చుని తినే రెస్టారెంట్లో 15 నుంచి 20 శాతం ఇవ్వండి. ఆ లెక్క పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద వేసుకోవచ్చు. ఇడ్లీ, దోసెలు పెట్టే మన తెలుగువారి రెస్టారెంట్లలో కూడా ఇదే వర్తిస్తుంది. మనవాళ్లే కదా అని అక్కడ తగ్గించడం నేను విన్నాను, అది బాగుండదు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. ఆరుగురు, అంతకుమించి కలిసి వెళితే చాలాచోట్ల 18 శాతమో 20 శాతమో ముందే బిల్లులో కలుపుతారు. అది చూసుకోకుండా కార్డు చీటీ మీద మళ్లీ టిప్పు రాస్తే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. కాఫీ కొన్నచోట, పార్శిల్ తీసుకున్నచోట యంత్రం మీద 18, 20, 22 అంటూ గడులు కనిపిస్తాయి. వాటి పక్కనే వద్దనే గడి కూడా ఉంటుంది, మొహమాటం లేకుండా దాన్ని నొక్కవచ్చు. ఒక విషయంలో మాత్రం వారి చట్టాన్ని మెచ్చుకుంటాను. పనివారి టిప్పుల్లోంచి యజమానిగానీ మేనేజరుగానీ ఏమీ ఉంచుకోకూడదని 2018లో అక్కడి సమాఖ్య చట్టంలో రాశారు. తరువాతి ఉత్తరం చదివితే ఆ నిబంధన విలువ మీకు తెలుస్తుంది.

ప్రశ్న: నేను పదకొండేళ్లుగా సర్వరుగా పనిచేస్తున్నాను, ముందు గుంటూరులో, ఇప్పుడు హైదరాబాదులో. మీలాంటివారు సర్వీస్ ఛార్జి ఇవ్వకండని రాస్తారు. మంచిదే, మా దగ్గర అది వసూలైనప్పుడు కూడా మాకు నెలకు ఎంత రావాలో ఎవరూ చెప్పేవారు కాదు. కానీ ఇప్పుడు అందరూ ఫోన్‌తో చెల్లిస్తున్నారు, జేబులో నోట్లు ఉండటం లేదు. కొందరు టిప్పు కూడా కలిపి కౌంటరు దగ్గరి స్కానర్‌కే పంపి, "నీది అందులో వేశాను" అని చెప్పి వెళతారు. అది యజమాని ఖాతాలోకి వెళుతుంది, మళ్లీ మా చేతికి రాదు. అడిగితే, జీతం ఇస్తున్నాను కదా అంటారు. నేను ఏం చేయాలి? గిరాకీలను నా ఫోన్‌కు పంపమని అడిగితే అడుక్కున్నట్టు ఉంటుందా? (ఒక సర్వరు, హైదరాబాద్)

జవాబు: ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ డబ్బు మీది. మీ యజమాని ఖాతాలో పడినంత మాత్రాన అది ఆయనది కాదు. ఇది నా సానుభూతి మాత్రమే కాదు, సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పిన మాటకు దగ్గరగా ఉన్నది. కార్డుల ద్వారా హోటలుకు చేరి, తరువాత పనివారికి పంచిన టిప్పుల మీద యజమాని పన్ను కోయాలా అన్న వివాదంలో 2016లో తీర్పు వచ్చింది. టిప్పు ఉద్యోగ ఒప్పందం వల్ల వచ్చేది కాదనీ, గిరాకీ ఇచ్చిన ఆ సొమ్మును యజమాని పనివారి తరఫున ధర్మకర్తలా మాత్రమే పట్టుకుని ఉంటాడనీ, కనుక అది ఆయన ఇచ్చే జీతం కాదనీ న్యాయస్థానం తేల్చింది. అంతకు చాలా ముందే, 1976లో, జైపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కార్మికుల వివాదంలో కూడా టిప్పును యజమాని ఇచ్చే వేతనంతో సమానంగా చూడకూడదని అదే న్యాయస్థానం చెప్పింది. ఈ రెండూ కలిపి చదివితే, "జీతం ఇస్తున్నాను కదా" అన్న మాట మీ టిప్పును ఉంచుకోవడానికి సమాధానం కాదు. టిప్పులు వస్తున్నాయి కదా అని జీతం తగ్గించడానికీ కారణం కాదు.

2016 నాటి తీర్పు ఆదాయపు పన్ను కోత గురించి వచ్చినదనీ, దాన్ని పట్టుకుని రేపే యజమాని మీద వసూలు దావా వేయమని నేను చెప్పడం లేదనీ గమనించండి. బ్రిటన్‌లో ఇందుకోసమే ప్రత్యేకంగా చట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడి యజమానులు టిప్పులనూ సర్వీస్ ఛార్జినీ పూర్తిగా పనివారికి పంచాలి, ఎలా పంచుతున్నారో రాతపూర్వకంగా చూపాలి, లెక్క అడిగే హక్కు పనివాడికి ఉంటుంది. సర్వీస్ ఛార్జి వద్దని తీర్పు తెచ్చుకున్న మనం, వచ్చిన టిప్పు ఎవరికి చేరాలన్న రెండో సగాన్ని ఇంకా చట్టంగా రాసుకోలేదు. రాసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఢిల్లీ హైకోర్టు కూడా తన తీర్పులో, ఇష్టపూర్వకంగా ఇచ్చేదానికి సిబ్బంది విరాళమనో సిబ్బంది సంక్షేమ నిధి అనో పేరు మార్చే విషయం పరిశీలించవచ్చని ప్రాధికార సంస్థకు సూచించింది. పేరు అలా మారితే, ఆ పేరున వచ్చినది సిబ్బందికే చేరాలని అడగడానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది.

ఈలోగా చేయదగినవి చెబుతాను. మీరొక్కరే కాకుండా సర్వర్లు, క్లీనర్లు, వంటవారు కలిసి యజమానితో మాట్లాడండి. స్కానర్‌కు టిప్పు కలిపి వచ్చిన ప్రతిసారీ బిల్లు నంబరు, టిప్పు ఎంతో ఒక పుస్తకంలో రాసి, వారానికోసారి లెక్క చూసి ఇవ్వమని అడగండి. బిల్లు మొత్తానికీ ఖాతాలో పడిన మొత్తానికీ ఉన్న తేడాయే టిప్పు కనుక ఆ లెక్క దాచడానికి వీలుకాదు. ఇష్టంలేని యజమాని కాదనవచ్చు. అయినా అలాంటి పుస్తకం ఉందని తెలిస్తే కొందరు దిద్దుకుంటారు.

గిరాకీని అడగడం గురించి రాశారు. బిల్లు తేగానే ఫోన్ ముందుకు చాచడం బాగుండదు, అది మీకూ తెలుసు కాబట్టే అడిగారు. కానీ ఎవరైనా "నీది కూడా కలిపి వేయనా" అన్నప్పుడు, "అందులో వేస్తే నాకు రాదండీ, వీలైతే నాకు విడిగా ఇవ్వండి" అని చెప్పడం అడుక్కోవడం కాదు. వారు ఇవ్వాలనుకున్నది ఎక్కడికి వెళుతుందో వారికి తెలియజేయడం అది. ఇది చదువుతున్న పాఠకులను కూడా నేను కోరేది అదే. హోటలుకు వెళ్లేటప్పుడు జేబులో రెండు మూడు చిన్న నోట్లు పెట్టుకోండి. లేకపోతే వడ్డించిన మనిషినే అడిగి ఆయన ఫోన్ నంబరుకు పంపండి. కౌంటరు స్కానర్‌లో కలపకండి.

మీకు అందుతున్న జీతం గురించి ఉత్తరంలో రాయలేదు. హోటళ్లు, రెస్టారెంట్లలో పనిచేసేవారికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయించి ఉంది. మీది అంతకంటే తక్కువగా ఉంటే, టిప్పుతో సంబంధం లేకుండా, మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. వెళ్లేటప్పుడు జీతం చీటీలుగానీ, అవి లేకపోతే జీతం పడిన బ్యాంకు పాసు పుస్తకంగానీ వెంట తీసుకువెళ్లండి. చేతికి నగదుగా ఇస్తున్నట్లయితే, ఈ నెల నుంచే తేదీ, మొత్తం రాసుకుంటూ, మీతో పనిచేసే ఇంకొకరి చేత పక్కన సంతకం పెట్టించండి.